పావలా ఖాతా, అర్ధరూపాయి ఆర్‌డీ: వడ్డీ రేట్లు పెరిగితే ఏది కదులుతుంది?

2023 అక్టోబరులో మా పిన్ని రెండు పుస్తకాలు ముందు పెట్టుకుని నన్ను పిలిచింది. ఒకటి బ్యాంకు సేవింగ్స్ పాస్‌బుక్. రెండోది పోస్టాఫీసు ఆర్‌డీ (నెల నెలా కట్టే రికరింగ్ డిపాజిట్) పుస్తకం, 2022 జూన్‌లో తెరిచింది, నెలకు 2,000. "ఏరా, ఏడాదిన్నరగా పేపర్లో వడ్డీలు పెరిగాయి, పెరిగాయి అని వేస్తూనే ఉన్నారు కదా. నా రెండు పుస్తకాల్లో ఒక్కదాంట్లోనూ పెరగలేదేం?" అంది.

చూస్తే నిజమే. బ్యాంకు పుస్తకంలో మూడు నెలలకోసారి పడే వడ్డీ లైను 2.7 శాతం లెక్కనే పడుతోంది. ఆర్‌డీ పుస్తకం మీద 5.8 అనే ఉంది. పక్కింటావిడ ఆ నెలలోనే తెరిచిన ఆర్‌డీ మీద మాత్రం 6.7. పేపర్లో వేసింది అబద్ధం కాదు, పిన్ని పుస్తకాల్లో పొరపాటూ లేదు. రెండూ కదలలేదు. కానీ ఒకటి కదలకపోవడానికి కారణం వేరు, రెండోదానికి వేరు. ఆ తేడా తెలిస్తే ఈ రెండు రకాల పొదుపునూ పోల్చడం సగం అయిపోయినట్టే.

ముందు అన్నిటినీ పైసల్లోకి మార్చుకుందాం

మన ఊళ్లలో వడ్డీని ఏడాదికి ఇంత శాతం అని ఎవరూ చెప్పరు. రూపాయి వడ్డీ, రెండు రూపాయల వడ్డీ అంటారు. అంటే వంద రూపాయలకు నెలకు ఎంత అని. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం. డ్వాక్రా సంఘాల పుణ్యమా అని పావలా వడ్డీ అన్న మాట కూడా ఇంటింటికీ తెలుసు. అది ఏడాదికి 3 శాతం. పేదలకు అప్పు ఇంత చవగ్గా ఇస్తున్నామని ప్రభుత్వం గొప్పగా చెప్పుకున్న రేటు అది.

ఇప్పుడు పిన్ని బ్యాంకు ఖాతా చూడండి. 2.7 శాతం అంటే వందకు నెలకు ఇరవై రెండున్నర పైసలు. పావలా కూడా కాదు. ప్రభుత్వం రాయితీ ఇచ్చి మరీ పేదలకు అప్పిప్పించిన రేటుకన్నా తక్కువకు మనం బ్యాంకుకు అప్పిస్తున్నాం. సేవింగ్స్ ఖాతాలో డబ్బు వేయడమంటే బ్యాంకుకు అప్పివ్వడమే కదా! ఆర్‌డీ 5.8 అయితే 48 పైసలు, 6.7 అయితే 56 పైసలు. అర్ధరూపాయికి కాస్త అటూ ఇటూ.

సేవింగ్స్ ఖాతా ఏమిటో చెప్పనక్కర్లేదు. ఎప్పుడైనా వేయొచ్చు, ఎప్పుడైనా తీయొచ్చు, గడువు లేదు. ఆ స్వేచ్ఛకు బదులుగా రేటు ఎప్పుడు మార్చాలన్నది బ్యాంకు తన చేతిలో ఉంచుకుంటుంది. రికరింగ్ డిపాజిట్, అదే మన ఆర్‌డీ, ఒక ఒప్పందం. నెల నెలా ఇంత కడతానని మనం, గడువు తీరేదాకా ఇదే రేటు ఇస్తామని వాళ్లు. పోస్టాఫీసులో గడువు అయిదేళ్లు, నెలకు కనీసం 100 రూపాయలు. బ్యాంకుల్లో ఆరు నెలల నుంచి పదేళ్ల దాకా మన ఇష్టం. ఆ కాలానికి ఫిక్స్‌డ్ డిపాజిట్ రేటు ఎంతో, ఆర్‌డీకీ సాధారణంగా అదే.

రిజర్వు బ్యాంకు మీట నొక్కితే ఎక్కడ వెలుగుతుంది?

2022 మే 4న రిజర్వు బ్యాంకు ఎవరూ అనుకోని రోజున సమావేశం పెట్టి రెపో రేటును 4 నుంచి 4.4 శాతానికి పెంచింది. బ్యాంకులు స్వల్పకాలానికి తన దగ్గర తీసుకునే అప్పుపై అది వేసే వడ్డీయే రెపో. ధరలను అదుపు చేయడానికే ఈ పెంపు. అంతకుముందు నెల, ఏప్రిల్‌లో, చిల్లర ద్రవ్యోల్బణం, అంటే ధరల పెరుగుదల, 7.79 శాతం నమోదైంది. అక్కడి నుంచి వరసగా పెంచుకుంటూ పోయి 2023 ఫిబ్రవరి 8 నాటికి 6.5కు చేర్చింది. తొమ్మిది నెలల్లో రెండున్నర శాతం.

ఈ పెంపు అన్నిచోట్లా ఒకేసారి వెలగలేదు. అన్నిటికన్నా ముందు వెలిగింది గృహ రుణాల మీద. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే ఫ్లోటింగ్ (రేటు మారుతూ ఉండే) గృహ రుణాలను రెపో లాంటి బయటి కొలమానానికి కట్టేయాలన్న నిబంధన ఉంది. కాబట్టి రెపో పెరిగిన కొద్ది వారాలకే ఈఎంఐ పెరిగింది, లేదా కంతుల సంఖ్య పెరిగింది. ఏడు శాతం లోపు దొరికిన రుణం తొమ్మిది దాటింది. పైసల్లో చెప్పాలంటే అర్ధరూపాయి పైచిలుకు నుంచి ముప్పావలాకు.

తర్వాత, నింపాదిగా, ఫిక్స్‌డ్ డిపాజిట్లు. స్టేట్ బ్యాంకులో ఏడాది పైబడిన డిపాజిట్‌కు 2022 ఆరంభంలో 5.1 శాతం ఉండేది. 2023 ఫిబ్రవరికి 6.8 అయింది. ఎక్కువ పెంపు వచ్చింది 2022 అక్టోబరు తర్వాతే, అప్పులకు గిరాకీ పెరిగి బ్యాంకులకు డిపాజిట్లు కావలసి వచ్చాక. పోస్టాఫీసు ఆర్‌డీ ఇంకా నిదానం. దాని రేటును కేంద్ర ఆర్థిక శాఖ మూడు నెలలకోసారి ప్రకటిస్తుంది. 2020 ఏప్రిల్ నుంచి మూడేళ్లు 5.8 దగ్గరే ఆగి, 2023 ఏప్రిల్‌లో 6.2, జులైలో 6.5, అక్టోబరులో 6.7 అయింది. అంటే రిజర్వు బ్యాంకు పెంచడం ఆపేశాక ఇది పెరగడం మొదలుపెట్టింది.

మరి సేవింగ్స్ ఖాతా? స్టేట్ బ్యాంకులో 2.7 శాతం. పెంపు మొదలైన రోజునా అంతే, ముగిసిన రోజునా అంతే. పది కోట్ల పైన బ్యాలెన్స్ ఉన్నవాళ్లకు మాత్రం కొంచెం పెంచారు. ఆ జాబితాలో మా పిన్ని లేదు.

మెట్లు దిగడమే తెలిసిన రేటు

ఒకప్పుడు ఈ రేటును రిజర్వు బ్యాంకే నిర్ణయించేది. 2003 నుంచి 2011 దాకా దేశమంతటా 3.5 శాతం. 2011 మేలో 4 చేశారు. ఆ ఏడాది అక్టోబరు 25న పగ్గాలు వదిలేసి, ఎవరి రేటు వాళ్లు పెట్టుకోండని బ్యాంకులకు చెప్పేశారు. అప్పటి గవర్నరు మన తెలుగువారే, దువ్వూరి సుబ్బారావు. లక్ష రూపాయల దాకా అందరికీ ఒకే రేటు ఇవ్వాలి, లక్ష దాటితే బ్యాలెన్స్‌ను బట్టి తేడా చూపవచ్చు అన్నదొక్కటే ముఖ్యమైన షరతు. పోటీ పెరిగి డిపాజిటరు బాగుపడతాడన్నది ఆశ. కొన్ని ప్రైవేటు బ్యాంకులు వెంటనే 6 శాతం దాకా ఇచ్చాయి కూడా.

పెద్ద బ్యాంకుల్లో మాత్రం చిన్న ఖాతాల రేటు అప్పటి నుంచీ మెట్లు దిగుతూనే వచ్చింది. స్టేట్ బ్యాంకులో 4 శాతం 2017లో 3.5 అయింది, 2020లో 2.7 అయింది. 2022–23లో రెపో రెండున్నర శాతం పెరిగినా కదలని ఆ రేటు, 2025లో రెపో తగ్గడం మొదలుపెట్టగానే కదిలింది. జూన్‌లో 2.5 చేశారు. ఈ రేటు పైకి వెళ్లే బస్సు ఎక్కదు గానీ, కిందికి వచ్చే బస్సును మాత్రం ఎప్పుడూ వదులుకోదు.

దీనికి బ్యాంకర్లు చెప్పే సమాధానం కొట్టిపారేయదగ్గది కాదు. సేవింగ్స్ ఖాతా వడ్డీ కోసం పెట్టుకునేది కాదు, అది ఒక సేవ అంటారు. రోజుకు పదిసార్లు టీ కొట్టు దగ్గర, కూరగాయల బండి దగ్గర ఫోనుతో చెల్లిస్తాం, ఏటీఎం వాడతాం, శాఖకు వెళ్తాం. ఈ ఖర్చంతా తక్కువ వడ్డీలోంచే రావాలి కదా అని. పైగా ఈ డబ్బు రేపు ఉంటుందో లేదో తెలియదు కాబట్టి గడువు డిపాజిట్‌కిచ్చే రేటు దీనికి ఇవ్వలేం అంటారు.

డిపాజిటర్ల తరఫున మాట్లాడేవాళ్లదీ బలమైన వాదనే. ఒక్కొక్కరి డబ్బు వస్తూ పోతూ ఉండొచ్చు గానీ, కోట్ల ఖాతాలను కలిపి చూస్తే అది ఎక్కడికీ పోని చవక నిధి, బ్యాంకులు ఏటా ఫలితాల్లో గొప్పగా చూపించుకునే నిధి. అప్పు తీసుకున్నవాడికి రెపో పెంపు కొన్ని వారాల్లో చేరుతుంటే, దాచుకున్నవాడికి ఏడాదైనా చేరకపోవడం ఏం న్యాయం? నాకైతే రెండో వాదనవైపే మొగ్గు. సేవకు ఖర్చవుతుంది, సరే. కానీ ఆ ఖర్చు 2022 మేలోనూ 2023 మేలోనూ దాదాపు ఒకటే. మధ్యలో బ్యాంకు ఆ డబ్బుమీద సంపాదించే రేటే కదా పెరిగింది!

ఏమైనా, పిన్ని మొదటి పుస్తకం సంగతి ఇది. ఆ రేటు మారవచ్చు, బ్యాంకు మార్చలేదు.

ఆర్‌డీ పుస్తకం కదలకపోవడం వేరే కథ

రెండో పుస్తకం రేటు మారదు. మార్చకూడదు. తెరిచిన రోజున ఉన్న రేటే అరవై కంతులకూ. ఇక్కడ చాలామంది గమనించని మెలిక ఒకటుంది. ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఇవాళ చేతిలో ఉన్న డబ్బుకు ఇవాళ్టి రేటు తీసుకుంటాం. ఆర్‌డీలో ఇంకా సంపాదించని డబ్బుకు కూడా ఇవాళ్టి రేటే ఖాయం చేసుకుంటాం. 2022 జూన్‌లో పిన్ని ఒప్పుకున్నది ఆ నెల 2,000కే కాదు, 2026లో కట్టబోయే 2,000కు కూడా 5.8 చాలునని. మామిడి పూత మీదుండగానే తోట బేరం పెట్టేసినట్టు. తర్వాత ధర పెరిగితే రైతుకు నష్టం, పడిపోతే లాభం.

2022లో పూత మీద బేరం పెట్టినవాళ్లకు ధర పెరిగింది. ఎంత పోయిందో లెక్క వేద్దాం. నెలకు 2,000 చొప్పున అయిదేళ్లు, కట్టిన అసలు 1,20,000. మూడు నెలలకోసారి చక్రవడ్డీ. 5.8 శాతానికి చేతికొచ్చేది 1,39,393. పక్కింటావిడలా 6.7కు మొదలుపెడితే దాదాపు 1,42,730. తేడా 3,300 పైచిలుకు. అయిదేళ్లకు.

ఇప్పుడు అదే 2,000ను నెల నెలా బ్యాంకు సేవింగ్స్ ఖాతాలోనే ఉంచి, రేటు 2.7 దగ్గరే ఆగిందనుకుంటే అయిదేళ్లకు వచ్చే వడ్డీ సుమారు 8,600. పిన్ని పాత ఆర్‌డీ వడ్డీ 19,393. పక్కింటావిడది 22,730. ఈ మూడు అంకెలూ పక్కపక్కన పెట్టుకుంటే పోలిక తేలిపోతుంది. 'తప్పు సమయంలో' తెరిచిన ఆర్‌డీ కూడా సేవింగ్స్ ఖాతాకు రెట్టింపుకన్నా ఎక్కువే ఇచ్చింది. రేట్లు పెరిగేటప్పుడు ఆర్‌డీకి అసలు పోటీ సేవింగ్స్ ఖాతా కాదు, వచ్చే నెల తెరవగల ఇంకో ఆర్‌డీ.

"అయితే పాతది మూసేసి కొత్తది తెరుస్తా" అంది పిన్ని. పోస్టాఫీసులో మూడేళ్లు నిండకుండా మూయనివ్వరు. నిండాక మూస్తే ఇచ్చేది సేవింగ్స్ రేటు, 4 శాతమే. అంటే 48 పైసలను 56 చేసుకుందామని వెళ్తే, ఇన్నాళ్లు కట్టిందాని మీద 33 పైసలే చేతికొస్తాయి. బ్యాంకు ఆర్‌డీలో నిబంధన కాస్త మెతక. ముందే తీసేస్తే, అది నడిచినంత కాలానికి వర్తించే రేటులో అరశాతమో ఒక శాతమో కోసి ఇస్తారు. అక్కడ మారడం ఎప్పుడు లాభమన్నది మిగిలిన కంతుల సంఖ్యను బట్టి ఉంటుంది. పది కంతులు కట్టి యాభై మిగిలితే ఒక లెక్క, యాభై కట్టి పది మిగిలితే మారడం దండగ.

రేట్లు దిగేటప్పుడు ఇదే కట్టుబాటు వరమవుతుంది. 2025లో రెపో 6.5 నుంచి మెట్లు దిగుతూ డిసెంబరుకు 5.25కు వచ్చింది. బ్యాంకులు డిపాజిట్ రేట్లు కోశాయి. 2023లో బ్యాంకులో మంచి రేటుకు అయిదేళ్ల ఆర్‌డీ తెరిచినవాళ్లు 2026లో సంపాదించే డబ్బుకు కూడా ఆ పాత రేటే అందుకుంటున్నారు.

6.5 శాతం అన్నారు, 3,900 ఏవి?

ఆర్‌డీ మీద వచ్చే ఫిర్యాదుల్లో అన్నిటికన్నా పాతది ఇదే. నెలకు 5,000 చొప్పున ఏడాది కట్టాను, మొత్తం 60,000. రేటు 6.5. అరవై వేలకు ఆరున్నర శాతం అంటే 3,900 రావాలి. వచ్చింది 2,144. మోసమా?

కాదు. మొదటి కంతు పన్నెండు నెలలు బ్యాంకు దగ్గర ఉంది. రెండోది పదకొండు. చివరిది ఒక్క నెలే. పన్నెండు నుంచి ఒకటి దాకా కూడితే 78, పన్నెండు కంతులకు పంచితే సగటున ఒక్కో కంతు ఉన్నది ఆరున్నర నెలలు. ఆరున్నర నెలలున్న డబ్బుకు ఆరున్నర నెలల వడ్డీ ఇచ్చారు. రేటు పూర్తిగానే ఇచ్చారు, డబ్బే పూర్తిగా ఏడాది లేదు. 5,000 చొప్పున సేవింగ్స్ ఖాతాలో వేసుకున్నా ఇదే సూత్రం. అక్కడ 2.7 లెక్కన వచ్చేది 883. పోల్చాల్సింది 2,144ను 883తో, 3,900తో కాదు.

కానీ అరవై వేలూ మొదటి రోజునే చేతిలో ఉంటే కథ మారిపోతుంది. సేవింగ్స్ ఖాతాలో ఉంచి అందులోంచి నెలకు 5,000 ఆర్‌డీకి పంపితే, ఆర్‌డీ వడ్డీ 2,144, ఖాతాలో తరుగుతూ ఉన్న డబ్బు మీద సుమారు 740, మొత్తం 2,900 లోపు. అదే 6.5కు ఏకమొత్తంగా ఏడాది ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తే దాదాపు 4,000. నెల నెలా వచ్చే జీతంలోంచి తీసేవాళ్ల కోసం పుట్టింది ఆర్‌డీ. పండిన పంట డబ్బో, రిటైర్మెంటు డబ్బో దాని సందులోంచి పంపడం అనవసరం.

పదో తారీఖు సంగతి

సేవింగ్స్ ఖాతాల్లోనూ అన్నీ ఒకటి కావు. పోస్టాఫీసు సేవింగ్స్ 4 శాతం, పిన్ని బ్యాంకులో 2023లో 2.7. కళ్లు మూసుకుని పోస్టాఫీసు అనేస్తాం. వడ్డీ దేనిమీద లెక్కేస్తారో చూస్తే కళ్లు తెరుచుకుంటాయి. బ్యాంకులు 2010 ఏప్రిల్ 1 నుంచి ప్రతిరోజూ ఉన్న బ్యాలెన్స్ మీద లెక్క కడుతున్నాయి. అంతకుముందు పదో తారీఖు నుంచి నెలాఖరు దాకా ఖాతా ఎంత తక్కువకు పడిందో దాని మీదే కట్టేవి. పోస్టాఫీసులో ఆ పాత పద్ధతే ఉంది.

ఒకటో తారీఖున 40,000 జీతం పడి, ఖర్చయిపోయి, 28వ తారీఖుకు 5,000కు వచ్చే ఖాతాను ఊహించండి. రోజువారీ సగటు 20,000 అనుకుందాం. బ్యాంకు 2.7 లెక్కన నెలకు 45 రూపాయలు. పోస్టాఫీసు 4 శాతం ఇచ్చేది ఆ అయిదు వేల మీదే కాబట్టి 17 రూపాయల లోపు. చిన్న రేటు పెద్ద రేటును ఓడించింది. డబ్బు కదలకుండా నెలల తరబడి ఉంటే మాత్రం పోస్టాఫీసుదే పైచేయి.

చిన్న ఫైనాన్స్ బ్యాంకుల్లో సేవింగ్స్‌కే 6, 7 శాతమన్న ప్రకటనలూ కనిపిస్తాయి. ఆ అంకె చాలాసార్లు లక్ష దాటిన భాగానికో, అయిదు లక్షలు దాటిన భాగానికో వర్తిస్తుంది. కింది భాగానికి తక్కువ. ఏ బ్యాంకైనా, ఒక మనిషికి అసలూ వడ్డీ కలిపి 5 లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంది, 2020 ఫిబ్రవరి నుంచి. పోస్టాఫీసు డబ్బుకు పూచీ నేరుగా కేంద్ర ప్రభుత్వానిది.

పన్ను కోసినాక మిగిలే పైసలు

పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు సేవింగ్స్ ఖాతా వడ్డీపై 10,000 దాకా మినహాయింపు ఉంటుంది. ఆర్‌డీ వడ్డీకి అది లేదు. అరవై దాటినవాళ్లకు రెండూ కలిపి 50,000 దాకా ఉంది. కొత్త విధానంలో ఈ రెండు మినహాయింపులూ లేవు.

పాత విధానంలో 30 శాతం శ్లాబులో ఉన్నవారికి సెస్సుతో కలిపి 31.2 శాతం కోత. 6.7 ఆర్‌డీలో చేతికి మిగిలేది 4.6. పోస్టాఫీసు సేవింగ్స్ 4 శాతం పన్ను లేకుండా అలాగే మిగులుతుంది. 6.7కూ 4కూ మధ్య 2.7గా కనిపించిన తేడా 0.6కు దిగింది. అంత తేడాకు అయిదేళ్లు కట్టుబడాలా అన్నది వాళ్లు ఆలోచించుకోవాల్సిందే. పన్ను పరిధిలోకే రాని మా పిన్నికి ఈ పేరాతో పనిలేదు, ఆమెకు 6.7 అంటే 6.7.

లండన్‌లోనూ ఇదే పేచీ

బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లకు ఈ రెండు పుస్తకాలూ వేరే పేర్లతో పరిచయం. ఎప్పుడైనా తీసుకోగలిగేది ఈజీ యాక్సెస్, నెల నెలా కట్టేది రెగ్యులర్ సేవర్. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ 2021 డిసెంబరు నుంచి వరసగా 14 సార్లు పెంచి 0.1 శాతాన్ని 2023 ఆగస్టుకు 5.25 చేసింది. ఈజీ యాక్సెస్ రేట్లు వెనకబడ్డాయని అక్కడి ఆర్థిక నియంత్రణ సంస్థ 2023 జులైలో 14 అంశాల కార్యాచరణ ప్రకటించి, తక్కువిచ్చే బ్యాంకులు అందుకు సంజాయిషీ చెప్పాలంది. మన దగ్గర సేవింగ్స్ రేటు మీద అంత గొడవ జరగలేదు.

అక్కడి రెగ్యులర్ సేవర్‌కూ మన ఆర్‌డీకీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. అది ఎక్కువగా ఏడాది పథకమే, నెలకు రెండు మూడు వందల పౌండ్లకు మించి వేయనివ్వరు. 7 శాతమని కనిపించేది ఖాతాదారుడిని ఆకర్షించే ఎర. నెలకు 300 పౌండ్లు ఏడాది వేస్తే వచ్చేది 136 పౌండ్లు, 252 కాదు. మన ఆరున్నర నెలల లెక్కే అక్కడా.

కట్టుబాటు కావాలా, చేతికందాలా

అంకెలన్నీ ఆర్‌డీవైపే ఉంటే అందరూ అదే ఎందుకు చేయరు? ఎందుకంటే నెలలన్నీ ఒకలా ఉండవు. పోస్టాఫీసు ఆర్‌డీలో ఒక కంతు తప్పితే వందకు రూపాయి జరిమానా. గమనించారా, అది సరిగ్గా నెలకు రూపాయి వడ్డీ! మనకు 48 పైసలిచ్చే పుస్తకం, మనం ఆలస్యం చేస్తే మన దగ్గర రూపాయి తీసుకుంటుంది. నాలుగు కంతులు తప్పితే ఖాతా ఆగిపోతుంది, రెండు నెలల్లోగా బతికించుకోవాలి. ఆసుపత్రి ఖర్చో, పిల్లల ఫీజో మీదపడ్డ నెలలో సేవింగ్స్ ఖాతా విలువ దాని రేటులో కనపడదు. అయితే ఏడాది నడిచిన ఆర్‌డీ మీద, పన్నెండు కంతులు కట్టి ఉంటే, జమైనదాంట్లో సగం దాకా అప్పు తీసుకోవచ్చు. మూసేయడంకన్నా అది నయం.

కట్టుబాటు కావాలనేవాళ్ల మాటలోనూ నిజముంది. సేవింగ్స్ ఖాతాలో ఉన్న డబ్బు ఫోనులో కనిపిస్తూ ఉంటుంది, కనిపించే డబ్బు ఖర్చవుతుంది. పోస్టాఫీసు ఆర్‌డీకి ఊళ్లలో ఇంటికొచ్చి వసూలు చేసే మహిళా ఏజెంట్లుంటారు. వాళ్ల 4 శాతం కమిషన్ ప్రభుత్వమే ఇస్తుంది, మన డబ్బులోంచి కాదు. నెలలో ఒకరోజు ఏజెంటమ్మ గుమ్మంలో నిలబడితే "ఈ నెల లేదు" అనడానికి మొహమాటం అడ్డొస్తుంది. ఈ మొహమాటం విలువ ఏ వడ్డీ పట్టికలోనూ ఉండదు గానీ, మా పిన్ని లాంటి వాళ్లకు ఎనిమిది పైసల తేడాకన్నా అదే పెద్దది. చిట్టీల మీద మనవాళ్ల మోజుకూ సగం కారణం ఇదే.

మధ్యేమార్గంగా బ్యాంకుల్లో ఆటో స్వీప్ ఉంటుంది. ఖాతాలో ఒక హద్దు దాటిన డబ్బు దానంతటదే ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా మారి, అవసరమైతే వెనక్కి వస్తుంది. రేట్లు పెరిగే కాలంలో దీనికి ఇంకో సుగుణం ఉంది. ప్రతిసారీ కొత్తగా మారే మొత్తానికి ఆ రోజు రేటు దొరుకుతుంది, పూత మీద బేరం ఉండదు. నెల నెలా ఆర్‌డీకి బదులు ఏడాది గడువుతో చిన్న చిన్న ఫిక్స్‌డ్ డిపాజిట్లు వేసుకుంటూ పోయినా ఫలితం ఇంతే. కాకపోతే ప్రతి నెలా గుర్తుపెట్టుకుని వేయాలి. గుమ్మంలోకి ఎవరూ రారు.

పిన్ని ఇదంతా విని, పాత ఆర్‌డీని కదపలేదు. నెలకు 500తో ఇంకోటి తెరిచింది, 6.7కు. ఏజెంటమ్మ ఇప్పుడు రెండు పుస్తకాలూ పట్టుకెళ్తోంది. బ్యాంకు పాస్‌బుక్ మాత్రం అలమరలోనే ఉంది. మొన్న ప్రింటు వేయించుకొచ్చి చూపించింది. వడ్డీ లైనులో రేటు 2.5 అయింది. "ఇది మాత్రం కదిలిందిరా" అంది.